మా బాత్‌రూం గోడ మీది కంచి బల్లి

ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. నేను పెంచి చెబుతాను. ఎంతగా అంటే, వాన వస్తోందని నేను కేకేస్తే మా ఆవిడ వాకిట్లోకి వచ్చి, అరచెయ్యి చాపి, చుక్క పడ్డాకనే తీగ మీది బట్టలు తీస్తుంది. అయితే దీనికి నన్ను అనడం అన్యాయం. నా ఉద్యోగాన్ని అనాలి. జహీరాబాద్‌లో చెరకు కాంటా దగ్గర గుమాస్తాగా చేశాను. బండి కాంటా మీదికి ఎక్కుతుంది, ముల్లు ఊగుతుంది. ఎద్దు తోక ఆడించినా ఊగుతుంది, బండివాడు తుమ్మినా ఊగుతుంది. అది ఊగడం మానేదాకా ఊపిరి బిగబట్టి నిలబడి, ఎంత చూపిస్తే అంత, కిలో ఎక్కువ లేదు, కిలో తక్కువ లేదు, రాయాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉన్నదున్నట్టు రాసిన మనిషి ఇంటికొచ్చాక కాస్త కాళ్లు చాపుకోవద్దా? నేను మాటల్లో చాపుకునేవాణ్ని.

కనుక ఇందులో వచ్చే పొడవుల్ని, ఎత్తుల్ని, జనం సంఖ్యని సగానికి కోసుకుని చదువుకోండి. నాకేం అభ్యంతరం లేదు. నా కోపాన్ని మాత్రం కోయకండి. అది కాంటా మీద పెట్టి, ముల్లు ఆగాకే రాస్తున్నాను.

ఎనభైల నడుమ ఒక ఏడు మా బావమరిది దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. ఒంటె పట్టేంత సూట్‌కేసు. అందులోంచి వాళ్ల అక్కకు, అంటే మా ఆవిడకు, నైలాన్ చీర తీశాడు. మా అమ్మకు తలనొప్పి మందు సీసా తీశాడు. నాకు కెమెరా. సబ్బుపెట్టె కన్నా రవ్వంత పెద్దది. లోపలే ఫ్లాషు, రంగు రీలు.

"బావా, దీంట్ల తిప్పేది గిప్పేది ఏం లేదు. గిట్ల కన్ను పెట్టుడు, గిట్ల ఒత్తుడు. గంతే," అన్నాడు.

"గంతేనా?"

"గంతే బావా. ఎంత తెల్వనోడైనా తీస్తడు. అందుకే నీకు తెచ్చిన."

ఈ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకున్నాను.

మర్నాడు పొద్దున మా వాకిట్లో జాతర. వీధి వీధంతా తలస్నానం చేసి, పౌడరు కొట్టుకుని, పెట్టెల్లోంచి తీసిన బట్టలతో వచ్చి నిలబడింది. అందరికీ ఫోటో కావాలి. అందరూ చేతులు తొడలకు ఆనించి, గడ్డాలు పైకెత్తి, ఊపిరి ఆపేశారు. కాంటా మీద ముల్లు ఆగడం కోసం రోజూ ఎదురుచూసే నాకు, మనుషులు అలా ఆగిపోతే భయమేసింది. కదిలే ప్రాణిని ఒక్కదాన్నైనా చూద్దామని కెమెరా పట్టుకుని పెరట్లోకి పోయాను. అక్కడ ఒక గొల్లభామ ముందుకాళ్లతో మొహం తుడుచుకుంటోంది. నన్ను చూసి ఆపలేదు. గడ్డం ఎత్తలేదు. పౌడరు అడగలేదు. ఆ క్షణాన నేను నిర్ణయించుకున్నాను, ఈ కెమెరా పురుగులకు అంకితమని.

మా ఆవిడ పెరటి గుమ్మంలో నిలబడింది. "ఏందయ్యా, గంత మంది మనుషులను వాకిట్ల నిలవెట్టి పురుగుల ఎన్క వడ్డవ్? జనం ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటరు?"

"నీకేందో అయ్యిందనుకుంటరు. నేను గూడ గదే అనుకుంటున్న."

మా పెరడు పెద్దదేం కాదు. ఒక జామచెట్టు, బట్టలుతికే బండ, రేకుల కప్పు వేసిన బాత్‌రూం, అవతల పక్కింటి గోడ. కానీ అందులో ఎవరు కాపురముండేవారో అప్పటిదాకా నాకు తెలియదు. పేడ ఉండను వెనక్కాళ్లతో దొర్లించుకుపోయే పురుగు, పెద్దబండి తోలే డ్రైవరంత గంభీరంగా. తొలి వానకు మట్టిలోంచి వచ్చే ఆరుద్ర పురుగులు, మఖమల్ గుడ్డ కత్తిరించి వదిలినట్టు. జామచెట్టు మీద ఒక తొండ ఉండేది. అది నన్ను చూసినప్పుడల్లా అవుననో కాదనో తల ఊపేది. ఆఫీసులో నా మాటకు అంత స్పందన ఎన్నడూ రాలేదు. వారం తిరక్కుండా ముప్పై ఆరు ఫోటోలూ తీసేశాను. మోకాళ్ల మీద, మోచేతుల మీద, ఒకసారి పొట్ట మీద.

రంగు రీలు మా ఊళ్లో కడిగేవారు కాదు. స్టూడియో భాయ్‌కి ఇస్తే ఆయన హైదరాబాద్ బస్సులో లాబ్‌కు పంపేవాడు, పది రోజులకు వచ్చేది. పదకొండో రోజు స్టూడియో తలుపు తీయకముందే నేను మెట్ల మీద ఉన్నాను. భాయ్ కవరు చేతికిచ్చాడు. తెరిచాను. లోపల ఒకే ఒక్క ఫోటో.

అది మా అమ్మ కుడిపాదం.

నేను పేడపురుగును తీస్తుంటే ఆవిడ పక్కనుంచి నడిచిపోయింది కాబోలు. ఐదు వేళ్లు, మెట్టె, మడమ పగుళ్లతో సహా అద్భుతంగా వచ్చింది.

"మిగిలినయి ఏవి భాయ్?"

"మిగిలినయి ఖాళీగున్నయి సాబ్. ఒక్క దాంట్ల గూడ ఆద్మీ లేడు. మీకు నుక్సాన్ ఎందుకని, మనిషి కనవడ్డది ఒక్కటే వెయ్యిమని నేనే చిట్టి రాసి పంపిన."

"అవి ఖాళీ కాదు. వాటిల్ల పురుగులున్నయి!"

భాయ్ నా వంక జాలిగా చూశాడు. "సాబ్, ఫోటో అంటే మనిషి ఉండాలె గద. పురుగులు ఊకెనే కనవడ్తయి."

ఎంత దయ! ఆయన దయ వల్ల నా వారం రోజుల మోకాళ్ల నొప్పి ఒక పాదమై మిగిలింది. అలా అని తిట్టడానికీ లేదు, మేలు చేశాననే నమ్మకంతో చాయ్ కూడా తెప్పించాడు. నెగటివులు ఎండకు పట్టి చూశాను. నిజంగానే గోడలు. నా గొల్లభామ ఆవగింజంత, నా తొండ జీలకర్రంత. ఇంటికొచ్చి కెమెరాతో వచ్చిన చిన్న పుస్తకం తిరగేస్తే, చివరి పేజీలో, చీమతలంత అక్షరాల్లో ఉంది: నాలుగడుగుల కన్నా దగ్గరున్నది దీనికి తేటగా కనపడదట. నాలుగడుగుల దూరం నుంచి పురుగును చూడటానికి కెమెరా ఎందుకు, కిటికీ చాలదా? ఎంత తెల్వనోడైనా తీస్తాడన్న బావమరిది అప్పటికి విమానం ఎక్కేశాడు. ఆయన అదృష్టం.

ఆ చీమతలంత అక్షరాలు చదవడానికి నేను వాడింది మా అమ్మ భూతద్దం. అక్కడే నాకు వెలిగింది.

ఆ భూతద్దం గురించి చెప్పాలి. మా అమ్మ దానితో పంచాంగం తప్ప ఇంకేదీ చదివేది కాదు. వీధిలో ఎవరికి ఏ సందేహం వచ్చినా మా ఇంటికి వచ్చేవారు. ప్రయాణానికి ఏ పూట మంచిది, విత్తనం ఎప్పుడు వేయాలి, అన్నిటికన్నా ఎక్కువగా, బల్లి మీద పడితే ఏమవుతుంది. పంచాంగంలో దానికో పట్టిక ఉంటుంది కదా, భుజానికి ఒకటి, మోకాలికి ఒకటి, ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు. మా అమ్మ అద్దం పట్టుకుని వరుస వెంట వేలు జరుపుతూ, ఉన్నది ఉన్నట్టు చదివేది. ఒక్క అక్షరం కలపదు, ఒక్కటి మింగదు. ఆవిడ కడుపున నేనెలా పుట్టానని వీధిలో చర్చ కూడా జరిగేది.

ఆ అద్దాన్ని కెమెరా కంటికి అడ్డంపెట్టి రబ్బరు బ్యాండ్లతో కట్టాను. సరిగ్గా జానెడు దూరంలో ఉన్నది మాత్రమే తేటగా వస్తుంది; ఇవతలా లేదు, అవతలా లేదు. అందుకని కెమెరాకు జానెడు దారం కట్టి, చివర ముడి వేశాను. ముడి పురుగు ముక్కుకు తగలాలి, అప్పుడు నొక్కాలి. ఇంకో చిక్కు: ఈ కెమెరాలో మనం కన్నుపెట్టే కిటికీ వేరు, అది చూసే కన్ను వేరు. కిటికీలో తల కనిపిస్తే ఫోటోలో తోక వస్తుంది. కాబట్టి కిటికీ మానేసి, గుడ్డివాడిలా దారాన్ని నమ్ముకోవాలి. ఫ్లాషు జానెడు దూరంలో కొడితే పురుగు మొహం సున్నం కొట్టినట్టు పాలిపోతుందని, వినాయకుడి మండపంలో మిగిలిన పసుపుపచ్చ జిలెటిన్ కాగితం రెండు మడతలు వేసి దాని మీద అంటించాను. ఇక స్టూడియో భాయ్ దయ నుంచి రక్షణగా, ప్రతి ఫోటోలో ఒక మూలన నా ఎడమచేతి బొటనవేలు పెట్టాను. మనిషి ఉన్నాడా? ఉన్నాడు. వెయ్యి ప్రింటు!

"నా అద్దం ఏడ వెట్టినవ్ రా?" అని మా అమ్మ రోజుకు పదిసార్లు అడిగేది. "జర ఆగమ్మా, బల్లిని సూస్తున్న," అనేవాణ్ని.

బల్లి. ఇప్పుడు దాని సంగతికి వస్తున్నాను. మా బాత్‌రూం గోడ మీద ఉండేది. మూరెడు పొడవు. సగానికి కోసుకోమన్నాను కదా, మీ ఇష్టం. ఎప్పుడో తోక తెగి మళ్లీ మొలిచింది, తోక నడుమ అతుకు వేసినట్టు ఒక గుబ్బ. ముడి దాని ముక్కుకు తగిలేంత దగ్గరికి పోవడానికి నాకు నెల పట్టింది. గోడకు అంటుకుని, బక్కెట్ల మధ్య ఒంటికాలి మీద నిలబడి, దాన్ని మచ్చిక చేసుకున్నాను. బాత్‌రూం బయట మా ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని ఏమేం అన్నదో ఇక్కడ రాయను. చివరికి ఒక ఉదయం అది తల తిప్పి, నా బొటనవేలి వంక, ఇదేం పురుగు అన్నట్టు చూసింది. నొక్కాను.

ఆ ఫోటో వచ్చిన రోజు స్టూడియో భాయ్ కవరు ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని, "ఇది ఏడ తీసిన్రు సాబ్?" అన్నాడు. పసుపు కాగితం చేసిన పనికి గోడ పొద్దుటి ఎండలా వెలిగిపోతోంది. బల్లి బంగారు ముద్ద. ఒంటి మీది పొలుసులు కంసాలి చెక్కినట్టు. కన్ను కన్నులాగే ఉంది. మూలన నా బొటనవేలు, కాంటా రాయి పడి నిలువునా చీలిన గోరుతో సహా.

హైదరాబాద్ వారపత్రిక ఒకటి పాఠకుల ఫోటోలు అడిగింది. మీ ఇంటి దగ్గరి ప్రాణుల్ని తీసి పంపండి, బాగున్నది రంగుల్లో వేస్తాం, కింద మీ పేరు వేస్తాం. నాకు ముప్పై నాలుగేళ్లు. అప్పటికి నా పేరు అచ్చయింది ఒకే ఒక్కసారి, నా పెళ్లి పత్రికలో, అదీ తప్పుగా. రోజూ వందల బండ్ల బరువులు రాసి కింద సంతకం పెట్టే మనిషిని నేను. ఒక్కటంటే ఒక్కటి, నేను చేసింది, దాని కింద నా పేరు, సరిగ్గా. అది కావాలి నాకు. నవ్వితే నవ్వండి. గడువు వారం రోజులు. ఉన్నది ఒకే ప్రింటు. ఇంకోటి వేయించాలంటే లాబ్‌కు పోయి రావడానికి పది రోజులు. కవరు మీద అడ్రసు రాశాను, అట్టముక్క కోశాను. ఫోటో అంచులు వంకరపోకుండా రెండు రోజులు మా అమ్మ పంచాంగంలో పెట్టాను.

ఆ రెండు రోజుల్లోనే పక్కింటి పెద్దమ్మ తల మీద బల్లి పడింది.

పెద్దమ్మ మాకు చుట్టమేం కాదు. పెరటి గోడ అవతల కొట్టంలో కూచుని అల్లం కొమ్ములు మట్టి దులిపి ఏరేది. మా అమ్మకన్నా పెద్దది కాబట్టి అమ్మ అక్కా అనేది, నేను పెద్దమ్మా అనేవాణ్ని. కొట్టం కప్పులోంచి బల్లి సరిగ్గా నడినెత్తి మీద పడింది. ఆవిడ నేరుగా మా ఇంటికి వచ్చింది. మా అమ్మ, నేను కెమెరా నుంచి విప్పి తిరిగిచ్చిన అద్దం పట్టి, ఆడవాళ్ల వరుసలో, తల దగ్గర వేలు ఆపింది. అక్కడున్నది చావు గండం. మా అమ్మ ఉన్నది ఉన్నట్టు చదివింది.

దీనికి విరుగుడు అందరికీ తెలిసిందే. కంచిలో బంగారు బల్లిని ముట్టుకుంటే దోషం పోతుంది. పోలేనివాళ్లు, పోయి ముట్టుకొచ్చిన మనిషిని ముట్టుకున్నా పోతుంది. మా వీధికి అలాంటి మనిషి ఒక్కడే, పోస్టాఫీసులో పనిచేసే పెద్దాయన. ఇరవై ఏళ్లుగా వీధంతా ఆయన్నే ముట్టుకుంటోంది. పాపం ఆయన ఉత్తరాలు పంచుతుంటే వెనక నుంచి వచ్చి మోచెయ్యి తాకి పోయేవారు. ఆయన్ను ఆ ఎండాకాలం బీదర్ దగ్గరికి బదిలీ చేశారు. ఆయన స్థానంలో వచ్చినవాడు తిరుపతి దాకానే పోయాడట. ఉద్యోగిని బదిలీ చేసేటప్పుడు, ఆయన ఏయే పనులు చూస్తున్నాడో వీధిలో అడగక్కర్లేదా?

పెద్దమ్మ ఇంటికి పోయి మంచం ఎక్కింది. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. "తిని ఏం జేస్త బిడ్డా, పోయేదాన్ని," అన్నదట. అల్లం కుప్ప అలాగే పడి ఉంది.

ఇక వినండి నా ఇంట్లో జరిగిన ఘోరం. నేను కాంటా దగ్గర డ్యూటీలో ఉన్నాను. నేను లేని సమయం చూసి, జన్మలో ఒక్క అక్షరం కలిపి చదవని మా అమ్మ, పంచాంగం తెరిచి, నా ఫోటో తీసి, గోడ అవతలికి పోయి, పెద్దమ్మ మంచం మీద కూచుని అన్నదట: "అక్కా, గిది కంచి బంగారు బల్లి. మా కొడుకు మనిషిని వట్టి తెప్పిచ్చిండు. గుళ్లె పూజ జేసిన ఫోటో. ముట్టుకో, నీ గండం మొత్తం పోతది. ఫికర్ జెయ్యకు." పెద్దమ్మ ముట్టుకుంది. లేచి కూచుంది. రెండు జొన్నరొట్టెలు, పుంటికూర తిన్నది. ఇంకా ఉంటే పెట్టమన్నది.

నేను సాయంత్రం వచ్చి చూస్తే పంచాంగం ఖాళీ.

గోడ మీది నుంచి పిలిచాను. "పెద్దమ్మా, ఫోటో జర ఇస్తవా? పోస్టుల ఎయ్యాలె."

"రెండు దినాలుండనీ కొడుకా. మా మరదలుకు భుజం మీద పడ్డదట. మొగుడంపల్లికెళ్లి వస్తున్నది, పాపం."

మొగుడంపల్లి మరదలు ఒక్కతే వస్తుందా? బస్సు నిండా వచ్చారు. మర్నాడు చిరాగ్‌పల్లి నుంచి, ఆ మర్నాడు రాయికోడ్ నుంచి. బీదర్ వైపు నుంచి ఒకావిడ వచ్చి, "హల్లి ఎల్లి, హల్లి ఎల్లి," అని కన్నడంలో బల్లి కోసం వాకిలి వాకిలి వెతుక్కుంది. పెద్దమ్మ దేవుడి గూట్లో నా బల్లిని పెట్టి, పక్కన అగరొత్తి గుచ్చింది. ఎవరి బల్లి? నా బల్లి! నెల రోజులు బక్కెట్ల మధ్య ఎవరు నిలబడ్డారు? కంచి పూజారా?

మూడో రోజు నేను ఆగలేకపోయాను. పెద్దమ్మ కొట్టంలో అల్లం కుప్ప పక్కన నూరు మంది ఉండగా నిలబడి గట్టిగా చెప్పాను. "అది కంచి బల్లి కాదు! మా బాత్‌రూం బల్లి! నేనే తీసిన!"

ఒక ముసలాయన పక్కవాడితో అన్నాడు, "మొన్న మా ఎద్దు ఏనుగంత ఉన్నదన్నడు. ఇయ్యాల కంచి బల్లి ఈయన బాత్‌రూంల ఉన్నదంటున్నడు."

"కావాలంటే వచ్చి చూడున్రి! దాని తోకకు అతుకున్నది!"

వచ్చారు. మా బాత్‌రూంలో పట్టినంత మంది పట్టారు. బల్లి గోడ మీదే ఉంది, తోక మీద గుబ్బ ఉంది. అందరూ చూశారు, ఫోటోతో పోల్చారు. నేను గెలిచాననుకున్నాను. అప్పుడు పెద్దమ్మ రెండు చేతులు జోడించింది. "సూస్తిరా మహిమ! కంచి బల్లి ఫోటో ఇంట్ల అడుగువెట్టంగనే, మామూలు బల్లికి గూడ గదే తోక వచ్చింది."

అప్పుడు, ఆ క్షణాన, నేను నెల రోజులు మచ్చిక చేసుకున్న ఆ ద్రోహి గోడ మీద టిక్ టిక్ టిక్ అంది.

మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట సత్యమని మనవాళ్ల లెక్క. అందరూ నేల మీద వేళ్లతో కొట్టి, "సత్తెం, సత్తెం," అన్నారు. నేను మాట్లాడినప్పుడు దానికి గొంతు రాలేదు!

"మరి ఈ వేలు? ఇది నా వేలు!" అని చీలిన గోరు చూపించాను.

"పూజారిది గూడ చీలి ఉంటది కొడుకా," అన్నది పెద్దమ్మ ఎంతో ఓపికగా. "నీ ఒక్కనికే చీలుతదా?"

గడువుకు ఇంకొక్క రోజు ఉంది. శుక్రవారం. ఆ రోజు ఎలాగైనా తెచ్చుకుందామని పొద్దున్నే పోయాను. పెద్దమ్మ తలస్నానం చేసి, గూట్లో దేవుళ్లందరినీ కడిగి బొట్లు పెట్టింది. అందరితో పాటు నా బల్లినీ కడిగింది. పసుపునీళ్లతో. ఫోటో మీది రంగు తడిస్తే మెత్తబడి జారుతుందని స్టూడియో భాయ్‌కి తెలుసు, నాకు తెలుసు. దేవుణ్ని కడగడం తెలిసిన మనిషికి ఎందుకు తెలియాలి? తడి ఆరకముందే నలుగురు కళ్లకద్దుకున్నారు. తల పోయింది, నడుము పోయింది, కాళ్లు నాలుగూ పోయాయి. మామూలుగా బల్లి తోక వదిలి పారిపోతుంది. ఇది కూడా అంతే చేసింది. కాగితం మీద అతుకు తోక మిగిలింది, మూలన నా బొటనవేలు మిగిలింది.

రెండు వారాలకు పత్రికలో రంగుల ఫోటో వచ్చింది. దండ వేసిన ఆవు. కడిగి, బొట్టు పెట్టి, తోటలో నిలబెట్టిన ఆవు! అది గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి, మా వీధివాళ్లలాగే నిలబడింది. కింద ఎవరిదో పేరు, ఒక్క అక్షరం కూడా తప్పు లేకుండా. ఆవును తీయడానికి దారం కావాలా? ముడి దాని ముక్కుకు తగలాలా?

తర్వాత ఆ నెగటివుతో ఇంకో ప్రింటు వేయించాను. లాబ్‌వాళ్లు, పసుపు ఎక్కువైందని, అడక్కుండానే సరిచేసి పంపారు. వీళ్లకూ దయే. బూడిదరంగు గోడ, బూడిదరంగు బల్లి. మా ఆవిడ చూసి, "ఇది మన బాత్‌రూం బల్లి గద," అంది.

మొదట్లోనే ఒప్పుకోలు మొదలుపెట్టాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. ఇందులో నేను కల్పించింది ఒకే ఒక్క చోటు. బల్లి మూరెడు అన్నాను, జనం నూరు అన్నాను, అవన్నీ పెంచినవి; పెంచడం వేరు, కల్పించడం వేరు. కల్పించింది మా అమ్మ మాటలు.

ఆ రోజు నాకు డ్యూటీ లేదు. ఇంట్లోనే ఉన్నాను. గోడ మీది నుంచి చూస్తే పెద్దమ్మ మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది, పక్కన ముద్ద ఎండిపోయి ఉంది. పంచాంగంలోంచి ఫోటో తీసింది నేను. గోడ దాటి పోయింది నేను. కంచి, పూజ, మనిషిని పట్టి తెప్పించడం, అన్నీ నేనే చెప్పాను, ఆ పూటకు ముట్టించి రాత్రికి తెచ్చేసుకుందామని. వెనకే వచ్చిన మా అమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. పెద్దమ్మ ఫోటో వంక చూసింది, నా వంక చూసింది. నేను ఎలాంటివాణ్నో ఆవిడకు తెలియదా? నన్ను వదిలేసి మా అమ్మను అడిగింది.

"నిజమేనా చెల్లె? నీ కొడుకు మాటలు గద."

మా అమ్మ వచ్చి మంచం పట్టె మీద కూచుంది. చేతిలో అద్దం ఉంది. ఆ అద్దంతో ఫోటోను చూసింది, అతుకు తోక దగ్గర, చీలిన గోరు దగ్గర కాసేపు ఆగింది. రోజూ చీపురుతో తరిమే బల్లిని ఆవిడ గుర్తుపట్టకుండా ఉంటుందా? నిజమని అనలేదు. అబద్ధమని అనలేదు.

"ముట్టుకో అక్కా," అంది.

జనం ముందు నేను కొట్టం నడుమ నిలబడి అరిచినప్పుడు కూడా ఆవిడ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎవరు అడిగినా, ఆ ఫోటో తెచ్చింది తనేనని చెప్పి ఊరుకుంది. నేను తెచ్చానంటే ఎవరూ నమ్మరని తెలుసు. ఆ మాట పట్టుకుని ఇన్నేళ్లూ నేను ఈ కథ చెప్పిన చోటల్లా నేరం ఆవిడ మీదే పెడుతూ వచ్చాను. ముట్టుకోమన్న ఆవిడ మాటను మాత్రం సగానికి కోసుకోవద్దు. కోయడానికి అందులో ఏమీ లేదు.

ఆ ఆవు మీద కోపం మాత్రం ఇంకా అలాగే ఉంది.